కర్ర ఆరేదాకా

ఆఫీసు, ఏడో అంతస్తు

వదినా,

ఫోన్ చేస్తే రంపం మోతలో నువ్వు అరుస్తావు, నీకు వినపడాలని నేనూ అరుస్తాను, మనిద్దరం పోట్లాడుకుంటున్నామనుకుని అన్నయ్య పరిగెత్తుకొస్తాడు. అందుకని ఎప్పట్లాగే ఉత్తరం. తీరిగ్గా చదువు. చదవగానే కోపం తెచ్చుకోకు, ఒక పూట ఆగి తెచ్చుకో.

మా కంపెనీ సంగతి నీకు తెలుసుగా. ఆసుపత్రులకీ దుకాణాలకీ బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతాం. కొన్నాళ్లుగా వ్యాపారం ఎంత బాగుందంటే, జీతాలిచ్చి, అద్దెలు కట్టి, కొత్త కంప్యూటర్లు కొన్నాక కూడా డబ్బు మిగిలిపోతోంది. కంపెనీ పెట్టిన మా పెద్దాయనకి బ్యాంకులో అలా పడి ఉన్న డబ్బుని చూస్తే ఒళ్లు మంట. "డబ్బు ఊరికే పడి ఉంటే నాకు నిద్ర పట్టదమ్మా" అంటాడు. ఆయన నిద్ర కోసం, చేత్తో పట్టుకోగల సరుకు చేసే చిన్న వ్యాపారాల్లో వాటాలు కొందామని ఒక కమిటీ వేశాడు. దానికి పెద్ద మా లెక్కల సార్. ఆయన పక్క కుర్చీ నాది. ఇప్పటికే ఒక ఐసు ఫ్యాక్టరీలోనూ, ఒక రొట్టెల బట్టీలోనూ వాటా తీసుకున్నాం. రొట్టెల బట్టీ పుణ్యమా అని నేను లావెక్కాను కూడా.

ఇక అసలు మాట. ఈసారి మన నిచ్చెనల కార్ఖానా పేరు చెప్పనా? కర్రల షెడ్డు పైకప్పు కారుతోందని అన్నయ్య పోయినసారి అన్నాడు. రంపం ఒక్కటే ఉండటంతో వచ్చిన ఆర్డర్లు సగం వెనక్కి పంపేస్తున్నారట. మీరు నా బంధువులు కాబట్టి మీ విషయంలో నాకు ఓటు ఉండదు. మంచీచెడ్డా చెప్పే హక్కు మాత్రం ఉంటుంది.

నాన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలీదు. నువ్వేమంటావో అని మాత్రం భయంగా ఉంది. ఇంత పెద్ద ఆఫీసులో ఎవరికీ భయపడను, నీకు తప్ప.

నీ మరదలు


కార్ఖానా, పై గది

మరదలు పిల్లా,

ఒక పూట ఆగమన్నావు, రెండు పూటలు ఆగాను. కోపం రాలేదు, అనుమానం వచ్చింది. ఇది నీ బుర్రలో పుట్టిన ఆలోచనేనా, లేక మీ అన్నయ్య నీ చెవి కొరికాడా? ఆయన్ని అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తూ "నాకేం తెలుసు" అన్నాడు. అంటే అంతా తెలుసన్నమాట.

దాచుకోవడం దేనికి, ఇక్కడ చెయ్యి ఆడటం లేదు. షెడ్డు రేకులు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. వాన వస్తే నేనూ, రంపం పని చూసే మన రంపం మామా కర్రల మీద పట్టాలు కప్పుతూ తడిసి ముద్దవుతున్నాం. బజారు నిండా తేలికపాటి అల్యూమినియం నిచ్చెనలు. కరెంటు పనివాళ్లు షాకు కొట్టదని ఇంకా మన కర్ర నిచ్చెనే అడుగుతున్నారు. పళ్లతోటల వాళ్లూ అడుగుతున్నారు. అడిగినవాళ్లకి ఇవ్వలేకపోవడం కంటే కడుపుమంట ఇంకోటి ఉందా?

డబ్బు తీసుకుంటాను. కానీ మీ నాన్న నాకు ఈ పని నేర్పినప్పుడు రెండు మాటలు చెప్పాడు. షెడ్డులోకి వచ్చిన కర్ర రెండేళ్లు ఆరేదాకా దాని జోలికి వెళ్లకూడదు. నిచ్చెన తయారయ్యాక కొనేవాళ్ల కళ్ల ముందు చేసినవాళ్లే మొదట ఎక్కాలి, ప్రతి మెట్టు మీదా నిలబడాలి. నేను ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఉలి ఎటువైపు పట్టుకోవాలో తెలీక తిప్పలు పడుతుంటే నువ్వు కిలకిలా నవ్వావు. ఆ నవ్వు మీద పంతంతోనే నేర్చుకున్నాను. నేర్చుకున్నదాన్ని ఎవరి డబ్బు కోసమూ వదులుకోను.

ఈ రెండూ కాగితం మీద రాయించు. కుదరదంటే మీ పెద్దాయనకి నిద్ర పట్టకపోయినా నాకేం ఫరవాలేదు.

నీ వదిన


ఆఫీసు, ఏడో అంతస్తు

వదినా,

కమిటీ ఒప్పుకుంది! లెక్కల సార్ మీ దగ్గరికి వచ్చి వెళ్లినప్పటి నుంచీ నిచ్చెనల గురించి తప్ప మాట్లాడటం లేదు. తళతళలాడే బూట్లతో వచ్చి రంపపు పొట్టులో మడమల దాకా కూరుకుపోయాడట కదా. ఆ పొట్టు ఆయన కారులో ఇంకా ఉంది. ఆయన భార్య వాసన బాగుందని తుడవనివ్వడం లేదట.

నీ రెండో షరతు విని పెద్దాయన మురిసిపోయాడు. చేసినవాళ్లే మొదట ఎక్కాలన్న మాట ఒప్పందంలో అక్షరం పొల్లుపోకుండా రాయించాడు. "మన సాఫ్ట్‌వేర్‌కి కూడా ఇలాంటి రూలు పెట్టాలి" అనేసరికి మా వాళ్లంతా తలలు దించుకున్నారు.

మొదటి షరతు దగ్గరే చిక్కొచ్చింది. కర్రని రెండేళ్లు కదపకూడదని రాయడానికి మా లాయరు ససేమిరా అన్నాడు. వాటా కొన్నవాళ్లు సరుకు విషయంలో తమ చేతులు తామే కట్టేసుకోరని ఆయన వాదన. ఎంత చెప్పినా వినలేదు. కాబట్టి ఆ మాట కాగితం మీద ఉండదు. నేను దాచకుండా చెబుతున్నాను.

కాగితం మీద లేకపోయినా నా మాట ఉంది. నేను ఆ కుర్చీలో ఉన్నంతకాలం ఆ కర్ర మీద ఎవరి చెయ్యీ పడనివ్వను. ఇది చాలదనుకుంటే చెప్పు, రేపే మీ పేరు తీసేయిస్తాను. మనసులో శంక పెట్టుకుని మాత్రం సంతకం చెయ్యకు.

నీ మరదలు


కార్ఖానా, పై గది

మరదలు పిల్లా,

సంతకం పెట్టేశాను. పెట్టే ముందు మీ అన్నయ్య "ఒకసారి చదువుకో" అన్నాడు. నాకు కావలసింది అందులో లేదు, నా మరదలి నోట్లో ఉంది, చదివి ఏం చెయ్యను అన్నాను.

మీ డబ్బు వచ్చింది, పనిలోకి దిగింది. షెడ్డుకి కొత్త పైకప్పు వేశాం. మొన్న కుండపోతగా కురిస్తే అందరం షెడ్డు మధ్యలో నిలబడి తలలెత్తి చూశాం. ఒక్క చుక్క పడలేదు. రంపం మామ అయితే పైకప్పుకేసి దండం పెట్టాడు. రెండో రంపం వచ్చింది, ఇద్దరు ఆడపిల్లలు పనిలో చేరారు. చిత్రిక పట్టడంలో ఒకతి చెయ్యి నా చెయ్యి కంటే సాఫీగా పోతోంది. పైకి మెచ్చుకోలేదు, మెచ్చుకుంటే జీతం పెంచమంటుంది. మీ అన్నయ్య ఊరంత బోర్డు రాయించి గుమ్మం మీద పెట్టాడు. రోజుకోసారి రోడ్డుకి అవతలి వైపు వెళ్లి చూసుకుని వస్తున్నాడు.

ఇంతలో మీ లెక్కల సార్ దగ్గర్నుంచి ప్రశ్న వచ్చింది. "షెడ్డులో ఇంత కర్ర ఊరికే ఎందుకు పడి ఉంది?" అని. నేను రాయించిన జవాబు నీకు చూపించారో లేదో. "మీ డబ్బుకి ఊరికే పడి ఉండలేని జబ్బు ఉంది. మా కర్రకి లేదు" అని రాయించాను. మీ అన్నయ్య నాలుగుసార్లు చదువుకుని మరీ పంపాడు.

మీ సార్ ఏమీ తప్పుగా తీసుకోలేదు. ఒక వేడి గది కట్టుకోమని సలహా ఇచ్చాడు. అందులో పెడితే కొద్ది వారాల్లోనే కర్ర ఆరిపోతుందట. చాలాచోట్ల అలాగే చేస్తున్నారట. నేను మొండిదాన్నే కానీ గుడ్డిదాన్ని కాదు. కట్టిస్తాను, చేసి చూస్తాను. పాత కర్ర పాత కర్రే, దాని దారి దానిది. వేడి గది కర్రతో చేసిన నిచ్చెన కూడా మొదట నేనే ఎక్కుతాను.

నీ వదిన


ఆఫీసు, ఏడో అంతస్తు

వదినా,

నీ జవాబు కాగితాన్ని లెక్కల సార్ తన బల్ల వెనక గోడకి అంటించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వాడు. ఇప్పుడు ఆ నవ్వు లేదు.

మా సాఫ్ట్‌వేర్ వాడుతున్న ఆసుపత్రుల గుంపు ఒకటి మమ్మల్ని వదిలేసి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. మా రాబడిలో పెద్ద ముక్క వాళ్లదే. మిగులు డబ్బు అన్న మాటే ఇప్పుడు ఆఫీసులో ఎవరూ అనడం లేదు. ఐసు ఫ్యాక్టరీలో వాటా అమ్మేశారు. రొట్టెల బట్టీ వాళ్లని కొత్త పొయ్యి కొనొద్దన్నారు. లెక్కల సార్ చెడ్డవాడు కాదు వదినా. జీతాల రోజు దగ్గర పడుతుంటే పాపం ఆయన ముఖంలో నెత్తురు చుక్క ఉండదు.

ఇప్పుడు వాళ్ల కళ్లు మన షెడ్డు మీద పడ్డాయి. బాగా ఆరిన కర్రకి బల్లలూ కుర్చీలూ చేసే వ్యాపారి ఒకతను మంచి ధర ఇస్తానన్నాడట. వేడి గది ఉంది కాబట్టి పాత కర్ర అంతా అమ్మేసి, వచ్చింది కంపెనీకి పంపి, పచ్చి కర్ర కొనుక్కుని పని నడుపుకోవచ్చని వాదన. సగానికి పైగా వాటా కంపెనీ చేతిలో ఉంది కాబట్టి కమిటీ తీర్మానిస్తే చాలు. నేను అడ్డం పడ్డాను. "వేడి గది నిచ్చెనలు ఎలా ఉన్నాయో ముందు తెలుసుకుందాం, నేను కనుక్కుంటాను" అని గడువు అడిగాను.

అందుకే అడుగుతున్నాను. ఆ నిచ్చెనలు ఎలా ఉన్నాయి? ఉన్నది ఉన్నట్టు రాయి. నీ మాట పట్టుకునే నేను వాళ్ల ముందు నిలబడాలి.

నీ మరదలు


కార్ఖానా, కింది గది

మరదలు పిల్లకి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. ఎండలు మండుతున్నాయి. కొత్తగా చేరిన పిల్లలు బాగా పని చేస్తున్నారు.

వేడి గది బాగానే ఉంది. నిచ్చెనలూ బాగానే ఉన్నాయి. నువ్వు నా గురించి బెంగ పెట్టుకోకుండా నీ ఉద్యోగం చూసుకో. అసలే మీ ఆఫీసులో రోజులు బాగాలేవు అంటున్నావు.

కర్ర అమ్మడానికి మాత్రం నేను ఒప్పుకోనని చెప్పు.

మీ అన్నయ్య నిన్ను అడిగానన్నాడు.

నీ వదిన


ఆఫీసు, ఏడో అంతస్తు

వదినా,

ఇన్నేళ్లలో నువ్వు కింది గదిలోంచి నాకు ఒక్క ఉత్తరం రాయలేదు. "పై గది కిటికీ లేకపోతే నాకు మాట తోచదు" అనేదానివి. ఉత్తరం పైన "కింది గది" అని చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. ఒక్క హాస్యం లేని నీ ఉత్తరం చూసినప్పుడైనా రావలసింది. నీకు తీరిక లేదేమో అనుకున్నాను. బుద్ధి గడ్డి తిని అలా అనుకున్నాను.

నిన్న అన్నయ్య ఫోన్ చేసి ఏడ్చాడు. నీ కాలు విరిగిందట. వేడి గది కర్రతో చేసిన పొడుగు నిచ్చెన ఎక్కుతుంటే చీలిపోయి, నిచ్చెనతో సహా నువ్వు కింద పడ్డావట. మెట్లు ఎక్కలేక కింది గదిలో మంచం వేయించుకున్నావట. నాకు చెబితే చంపేస్తానని అన్నయ్యని బెదిరించావట. ఇంటిల్లిపాదికీ తెలుసు, రంపం మామకి తెలుసు, నిన్నగాక మొన్న చేరిన పిల్లలకి తెలుసు, నాకు తెలీదు. నేనెవర్ని వదినా మీకు?

ఇంకో మాట కూడా విను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే కమిటీ కూర్చుంది. "నిచ్చెనలు బాగానే ఉన్నాయి" అని నువ్వు రాసిన మాట నేనే లేచి నిలబడి చదివాను. వేడి గది పనిచేస్తోందంటే మీ మీద గురి కుదురుతుంది, కర్ర జోలికి రారు అనుకున్నాను. జరిగింది తలకిందులు. "వేడి గది పనిచేస్తున్నప్పుడు పాత కర్ర దేనికి?" అని పది నిమిషాల్లో తీర్మానం చేసేశారు. ఆ వ్యాపారి లారీ ఈ వారంలోనే వస్తుంది.

కర్రని కాపాడతానని నీకు మాటిచ్చాను. నీ మాట చదివి నా చేత్తోనే దాన్ని అమ్మించాను. నువ్వు నిజం రాసి ఉంటే ఈ గతి పట్టేది కాదు. నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో, నీ కాలు తలుచుకుంటే అంత ఏడుపొస్తోంది. రెండూ ఒకేసారి చెయ్యలేక చస్తున్నాను.

నిజం రాయి. ఈసారి మొత్తం రాయి.

నీ మరదలు


కార్ఖానా, కర్రల షెడ్డు గుమ్మం

మరదలు పిల్లా,

ముందు ఏడుపు ఆపు. కాలికి కట్టు కట్టారు, అతుక్కుంటుంది. నేను ఉత్తరం రాసింది నా మరదలికి, మీ పెద్దాయనకి కాదు. దాన్ని పదిమందిలో నిలబడి చదువుతావని నాకు కల వచ్చిందా?

అయినా నువ్వు ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు, నేను రాయలేదు. తప్పు నాదే. ఇదిగో, మొత్తం రాస్తున్నాను.

వేడి గది మోసమేమీ కాదు. మెట్లకి వేసే చిన్న కర్రలు అందులో చక్కగా ఆరాయి. వాటికి వంక పెట్టలేం. పక్కన నిలువుగా ఉండే పొడుగు కర్రల దగ్గరే దెబ్బ తిన్నాం. అవి లావుగా ఉంటాయి. పైకి ఎండినట్టే కనపడ్డాయి, లోపల పచ్చి. మరికొన్నాళ్లు ఉంచుదామా అని రంపం మామ నసిగాడు. పళ్లతోట ఆసామికి కోతల లోపల నిచ్చెనలు కావాలి. నేనే తొందరపడి తీయించాను. ఆసామి ముందు నేనే ఎక్కాను. పైమెట్ల దగ్గరికి వెళ్లేసరికి ఎడమ పక్క కర్ర నార వెంబడి బారునా చీలింది. ఆసామే పరిగెత్తుకొచ్చి లేవదీశాడు. ఎక్కింది నేను కాబట్టి ఒక కాలితో పోయింది. ఆయన తోటలో పళ్లు కోసేవాళ్లు ఎక్కి ఉంటే? ఆ ఆలోచన వస్తే కాలి నొప్పి కూడా గుర్తుండదు.

ఎందుకు దాచానంటావు. ఆ వేడి గది మీ ఆఫీసు సలహా. మీ డబ్బుతో కట్టింది. దాని వల్ల నా కాలు విరిగిందంటే అక్కడ నీ తల వంగుతుందనుకున్నాను. అసలే మీకు రోజులు బాగాలేవు. నీ ఉద్యోగానికి ముప్పు వస్తుందని నోరు కట్టుకున్నాను. నిన్ను కాపాడబోయి నీ గొయ్యి తవ్వానన్నమాట. నువ్వేమో నన్ను కాపాడబోయి నా కర్ర అమ్మావు. మనిద్దరికీ తెలివి సమానంగానే పంచాడు దేవుడు.

నువ్వెవరివని అడిగావు. ఇంకోసారి అడిగితే కట్టు ఉన్న కాలితోనే తంతాను.

ఇక లారీ సంగతి. నిన్న వచ్చింది. నేను షెడ్డు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేయించుకుని, కాలు బల్ల మీద చాపుకుని కూర్చున్నాను. డ్రైవరు తీర్మానం కాగితం చూపించాడు. నేను నోరు తెరిచేలోపే మీ అన్నయ్య ముందుకొచ్చాడు. జీవితంలో ఎవరికీ కాదని చెప్పలేక, అప్పడిగినవాడికి అప్పుతో పాటు కాఫీ కూడా ఇచ్చి పంపే మనిషి. "కుదరదు. కర్ర కదలదు" అన్నాడు. నాకు ఆ క్షణంలో మా ఆయన మీద మళ్లీ కొత్తగా ప్రేమ పుట్టింది. ఇది కూడా కమిటీలో చదివేవు సుమా!

వ్యాపారి నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. తర్వాత లాయరుతో వస్తాడట. ఎవరితో వచ్చినా నేను ఇక్కడే కూర్చుని ఉంటాను. అన్నం ఇక్కడే, నిద్ర ఇక్కడే.

ఆ చీలిన కర్రని సామాన్ల లారీలో నీ పేరు మీద పంపించాను. ఉత్తరాలు చదివింది చాలు. దాన్ని తీసుకెళ్లి మీ బల్ల మీద పడుకోబెట్టు.

నీ వదిన


ఆఫీసు, మూడో అంతస్తు

వదినా,

ఉత్తరం పైన "మూడో అంతస్తు" అని చూశావా? తొందరపడి కంగారు పడకు. నీలాగా దాచను, వరసగా చెబుతాను.

కర్ర వచ్చింది. లిఫ్టులో పట్టలేదు. నేనూ గేటు దగ్గర కాపలా ఆయనా కలిసి ఏడంతస్తులూ మెట్ల మీద మోసుకెళ్లాం. మలుపు దగ్గరల్లా గోడకి గుద్దుకుంది. సున్నం రాలినందుకు నాకు నోటీసు వస్తుందేమో. కమిటీ కూర్చున్న గదిలోకి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. బల్ల చాలక రెండు కొసలూ బయటికి వచ్చాయి. లెక్కల సార్ తన కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

నేను కూర్చోలేదు. "పోయినసారి ఈ గదిలో నేను చదివిన మాట నిజం కాదు. నిజం ఇది" అన్నాను. నీ కాలి గురించి చెప్పాను, తోట గురించి చెప్పాను, మెట్ల కర్రలు బాగున్నాయన్న సంగతి కూడా చెప్పాను. లెక్కల సార్ ఆ చీలిక పొడుగునా వేలు పెట్టి చూశాడు. "ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడిగాడు. నేను ఆయన్ని తిట్టడానికి సిద్ధపడి వచ్చాను వదినా. ఆ ఒక్క ప్రశ్నతో తిట్లన్నీ మరిచిపోయి "కట్టు కట్టారు సార్" అన్నాను.

పెద్దాయన మాత్రం మెత్తబడలేదు. "నాకు బాధగానే ఉంది. కానీ జీతాలివ్వడానికి డబ్బు కావాలి. మీకు కర్ర కావాలి. రెండూ కావాలంటే ఎక్కణ్నుంచి తేను? కర్ర అలా పడి ఉండాలనుకునేవాళ్లే దాన్ని కొనుక్కోవాలి" అన్నాడు. ఆయన విసుగ్గా అన్న మాట. నాకు దారి అందులోనే కనపడింది.

మొదట్నుంచీ ఉన్న ఉద్యోగులకి కంపెనీ కొద్దికొద్దిగా వాటాలిచ్చింది. వాటిని ఈ ఏడాది తిరిగి తీసుకుని డబ్బు ఇస్తామని మాటిచ్చింది. నాకు రావలసిన దానితో బాల్కనీ ఉన్న ఇల్లు కొనుక్కుందామనుకున్నాను. నువ్వు వస్తే కూర్చుంటావని బాల్కనీ. అక్కడే చెప్పేశాను. "నా వాటాలు తీసుకోండి, నాకు ఇవ్వాల్సింది ఇవ్వకండి. మీ దగ్గరే ఉంచుకుని జీతాలకి వాడుకోండి. దాని బదులు నిచ్చెనల కార్ఖానాలో మీ వాటా మొత్తం నా పేరున రాసివ్వండి" అన్నాను.

లెక్కల సార్ నన్ను బయటికి తీసుకెళ్లాడు. "ఇలా చెయ్యకమ్మా, ఈ కంపెనీ మళ్లీ లేస్తుంది. నీ వాటాల విలువ ఎంత పెరుగుతుందో నీకు తెలీదు" అన్నాడు. "పెరగనివ్వండి సార్, నాకు సంతోషమే" అన్నాను. ఆయన లోపలికి వెళ్లి లెక్క కట్టాడు. కర్ర అమ్మితే వచ్చే దానికి నేను వదులుకున్నది ఇంచుమించు సరిపోయింది. పెద్దాయన సంతకం పెట్టాడు.

ఒక కార్ఖానాకి సొంతదారై ఉండి పెట్టుబడుల కమిటీలో కూర్చోకూడదు. కాబట్టి ఆ కుర్చీ పోయింది. మూడో అంతస్తులో, బిల్లులు తప్పుగా వస్తున్నాయని ఫోన్ చేసేవాళ్లకి సమాధానం చెప్పే చోట వేశారు. జీతం తగ్గింది. కిటికీలోంచి చూస్తే ఎదురు గోడ తప్ప ఏమీ కనపడదు. రాత్రి హాయిగా నిద్రపోయాను.

నిన్ను అడక్కుండా చేశాను. అడిగితే వద్దంటావని అడగలేదు. లారీ ఇంక రాదు. కుర్చీలోంచి లేచి లోపలికెళ్లి పడుకో.

నీ మరదలు


కార్ఖానా, కింది గది

మరదలు పిల్లా,

నీ ఉత్తరం మీ అన్నయ్య పైకి చదివాడు. సగంలో ఆయన గొంతు పోతే ఆ చిత్రిక పిల్ల అందుకుంది. ఆ పిల్ల కూడా ముక్కు చీదుతుంటే రంపం మామ లాక్కుని పూర్తి చేశాడు. ఆయనకి కళ్లజోడు లేదు. సగం సొంతంగా కల్పించి చదివాడని తర్వాత నేను చదువుకుంటే తెలిసింది.

ఎవర్ని అడిగి చేశావే? ఇంత పని చేసేదానివి నాతో ఒక్క మాట అనలేకపోయావా? నువ్వు నీ ఇల్లు పోగొట్టుకుని, కుర్చీ పోగొట్టుకుని, నాకు కర్ర నిలబెట్టావు. నీకు తిరిగి ఏమివ్వగలనని తెల్లవార్లూ ఆలోచించాను. తెల్లారేసరికి కోపం వచ్చింది. ఇవ్వడం ఏమిటి? నువ్వు నాకు దానం చేశావా? వాటా కొన్నావు. సగానికి పైగా కొన్నావు. ఇప్పుడు ఈ కార్ఖానాకి నాకంటే పెద్ద సొంతదారువి నువ్వు. అది గుర్తురాగానే దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాను.

కాబట్టి సొంతదారుకి చెప్పాల్సిన మాటలు చెబుతున్నాను, విను. వేడి గది కూలగొట్టను. మెట్ల కర్రలకి వాడతాను. నిలువు కర్రలు షెడ్డులోనే ఆరతాయి. పళ్లతోట ఆసామి ఆర్డరు వెనక్కి తీసుకోలేదు. "మీరు ఎక్కి పడ్డారు కాబట్టే మీ దగ్గరే కొంటాను" అన్నాడు. ఆ పొడుగు నిచ్చెనలన్నీ బాగా ఆరిన కర్రతో మళ్లీ చెయ్యాలి. చెయ్యడానికి నాకు ఒక కాలే ఉంది. మీ అన్నయ్యకి రెండు కాళ్లూ ఉన్నాయి కానీ ఉలి పట్టుకుంటే వేలు తెగుతుంది. ఈ ఏడాది లాభం ఉంటుందో ఉండదో తెలీదు. నష్టం వస్తే అందులో నీ వాటా కూడా పెద్దదే. ఏడవడానికి ఇప్పట్నుంచే సిద్ధంగా ఉండు.

పెళ్లయి నేను ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ నిన్ను చూస్తున్నాను. వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు పక్కగా పెట్టి, ఏ వస్తువు ముట్టుకోవాలన్నా నా ముఖం కేసి చూస్తావు. నువ్వు పుట్టిన చోటు ఇది. నేను వచ్చి ఆక్రమించానని నీకెక్కడ అనిపిస్తుందోనని నాకు భయం. నీది అనుకుంటే నేనెక్కడ నొచ్చుకుంటానోనని నీకు భయం. ఇద్దరం ఇన్నేళ్లు మర్యాదలతో చచ్చాం. ఇప్పుడు కాగితం మీద సంతకాలు పడ్డాయి. ఇద్దరిదీ అయింది. ఇంక ఆ మొహమాటం అక్కర్లేదు.

మీ ఆఫీసుకి వారంలో రెండు రోజులు సెలవు కదా. శనివారం పొద్దున బస్సుకి బయల్దేరు. మంచి బట్టలు తెచ్చుకోకు, పాడైపోతాయి. స్వీట్లూ పళ్లూ సంచులకెత్తుకుని రాకు. ఇన్నాళ్లూ పుట్టింటికి వచ్చినట్టు వచ్చావు. ఈసారి పనికి రా.

నీ వదిన